ముఖద్వారంలోనే తెలిసే మితవ్యయం

వేసవి మధ్యాహ్నం లక్సెట్టిపేటలో గోదావరి వైపు నుంచి వీచే గాలి కూడా సెగలు కక్కుతుంది. మంచిర్యాల జిల్లాలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కావు. అటువంటి ఎండలో బిజినెస్ పార్కు అని పిలిచే ఏ పెద్ద వ్యాపార సముదాయం ముందు నిలిచి చూసినా సాధారణంగా ఒకే దృశ్యం కనిపిస్తుంది. నిలువెత్తు అద్దాలతో మెరిసే ప్రవేశ భవనం, లోపల ఎడతెగక పనిచేసే ఏసీలు, బయట రేకుల గదిలో చెమటోడుస్తున్న కాపలాదారు. సందర్శకునికి చలువ, సేవకునికి సెగ!

అద్దపు గోడ వెలుతురుతో పాటు ఎండ వేడిమినీ లోపలికి రానిస్తుంది. వచ్చిన వేడిని సులభంగా బయటికి పోనివ్వదు. వేడిని స్వయంగా ఆహ్వానించి, తరువాత దానిని వెళ్లగొట్టడానికి విద్యుత్తును ధారపోయడం వివేకం అనిపించుకోదు. ఆ విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందో మన ప్రాంతం వారికి వేరుగా చెప్పనవసరం లేదు. జైపూర్ మండలం పెగడపల్లి వద్ద సింగరేణి నెలకొల్పిన 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం 2016 నుంచి నడుస్తోంది. గోదావరి ఆవలి ఒడ్డున రామగుండంలో ఎన్‌టీపీసీ కేంద్రం దశాబ్దాలుగా బొగ్గును మండిస్తోంది. ఎక్కడో నగరంలో ఒక అద్దాల మేడ వృథా చేసే విద్యుత్తుకు బొగ్గు ధూళి రూపంలో, బూడిద రూపంలో మూల్యం చెల్లించేది ఇక్కడి ఊళ్లే. కనుక ముఖద్వారాన్ని ఎలా నిర్మించాలన్నది కేవలం అందానికి సంబంధించిన ప్రశ్న కాదు. అది పొరుగువారి హక్కుకు సంబంధించిన ప్రశ్న.

దుబారాను వారించిన ధర్మం

అల్లాహ్ మానవుణ్ణి భూమిపై తన ప్రతినిధిగా నియమించాడు. భూమి, నీరు, గాలి మన సొంత ఆస్తులు కావు. అవి మనకు అప్పగించబడిన అమానత్. దివ్యఖుర్ఆన్ 7వ సూరా 31వ ఆయత్ తినడంలోను, తాగడంలోను కూడా మితిమీరడాన్ని వారిస్తుంది. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదన్నది దైవప్రవక్త (స) శిక్షణ. నది నిండుగా ఉన్నప్పుడే ఇంత జాగ్రత్త అవసరమైతే, గనులను తవ్వి, నీటిని మరిగించి తీసిన విద్యుత్తు విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో ఆలోచించాలి. పనివారి అన్నవస్త్రాల విషయంలో వివక్ష చూపరాదని కూడా ఆయన (స) బోధించారు. కాపలాదారుకు నీడ కల్పించడం ఆ బోధనకు కొనసాగింపే.

హైదరాబాదులో ఒక నమూనా

ఇది ఆచరణ సాధ్యమేనా అనే సందేహానికి మన రాష్ట్రంలోనే సమాధానం ఉంది. హైదరాబాదులో హైటెక్ సిటీ సమీపాన సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపకల్పన చేసిన ఈ భవనాన్ని 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనంగా ఇది ప్రసిద్ధి చెందింది.

నడుమ ఆకాశానికి తెరచుకున్న ముంగిలి, దాని చుట్టూ వలయాకారంలో గదులు. పగటిపూట దీపాల అవసరం చాలా తక్కువ. ఎండను అడ్డుకుంటూ గాలిని, వెలుతురును రానిచ్చే జాలీ గోడలు ఉన్నాయి. తడి గోడల మధ్యగా గాలిని దింపి చల్లబరిచే రెండు గాలి గోపురాలు ఉన్నాయి. అలా చల్లబడిన గాలి ఏసీ యంత్రాలకు చేరడంతో వాటి శ్రమ తగ్గుతుంది. పైకప్పులో సుమారు 60 శాతం పచ్చదనమే. వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధిచేసి తోటకు మళ్లిస్తారు. ఈ తరహా సాధారణ భవనంతో పోలిస్తే ఇక్కడ విద్యుత్తు వాడకం దాదాపు సగానికి తగ్గింది.

వీటిలో చాలా వరకు కొత్తగా కనిపెట్టినవి కావు. జాలీ మన పూర్వుల కట్టడాలలో ఉన్నదే. గాలి గోపురాలు ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో ఇప్పటికీ దర్శనమిస్తాయి. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతహీ 1940లలో లక్సర్ సమీపాన మట్టి ఇటుకలతో ఊరినే నిర్మించి, పాత విజ్ఞానం పేదవారి ఇంటికి కూడా పనికివస్తుందని చూపారు.

మన నేలకు తగిన ద్వారం

రేపు మన ప్రాంతంలో అటువంటి వ్యాపార సముదాయం వెలిస్తే దాని ప్రవేశ భవనం ఎలా ఉండాలి? పొడవైన గోడలు ఉత్తర, దక్షిణ దిక్కులకు ఉండాలి. దక్షిణపు ఎండను వెడల్పాటి ఛజ్జా ఆపగలదు. సాయంత్రం ఏటవాలుగా పడే పడమటి ఎండను ఛజ్జా ఆపలేదు. కనుక ఆ వైపు కిటికీలు తగ్గించి, వేపచెట్లు పెంచాలి. గోడలకు థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు వాడవచ్చు. వాటిని బట్టీలో కాల్చే పని లేదు. మనకు భారమైన బూడిద అలా మనకే ఉపయోగపడుతుంది. పైకప్పుపై సౌర పలకలు, వాననీటికి ఇంకుడు గుంత, వుజూ నీరు చెట్ల పాదులకు చేరే కాలువ ఉండాలి. కాపలాదారు గది ఆ భవనపు నీడలోనే, అదే గాలి తగిలేలా ఉండాలి. బాటసారుల కోసం ఒక చల్లని నీటి కుండను కూడా మరువరాదు.

ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. నీటితో గాలిని చల్లబరచడం పొడి వేసవిలో బాగా పనిచేస్తుంది. వానాకాలపు ఉక్కలో దాని ప్రభావం తగ్గుతుంది. అప్పుడు ఎదురెదురు కిటికీలు, పంకాలే ఆధారం. కొన్ని ఏర్పాట్లకు ఆరంభంలో ఖర్చు ఎక్కువ కావచ్చు. అయితే కట్టడం ఖర్చు ఒక్కసారే, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది.

ఈ సూత్రాలు బిజినెస్ పార్కులకే పరిమితం కావు. మనం కట్టుకునే ఇల్లు, దుకాణం, మస్జిద్, మదరసా అన్నిటికీ వర్తిస్తాయి. మేస్త్రీతో మాట్లాడే రోజున, గోడ రంగు కంటే ముందు ఎండ ఏ వైపు నుంచి వస్తుందో అడుగుదాం. ఒక చెట్టు నాటితే దాని ఫలాన్ని పక్షి తిన్నా నాటినవారికి సదఖా పుణ్యం లభిస్తుందని నమ్మే సమాజం మనది. మన గడపలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ నీడ దొరకాలి. ఆ నీడ మరొకరి కష్టంపై నిలిచినది కాకూడదు. అప్పగించిన అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.