మీకు తెలుసా? మిల్లు సైక్లోన్ ఇంటి షెడ్డుకూ పనికొస్తుంది

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో గరాటులా కిందికి సన్నబడే పెద్ద రేకు డొల్లలు కనిపిస్తాయి. వాటినే సైక్లోన్లు అంటారు. దుమ్ముగాలి పక్క నుంచి లోపలికి దూసుకొచ్చి గిర్రున తిరుగుతుంది. బరువైన రేణువులు గోడకు కొట్టుకుని కిందికి జారుతాయి, గాలి నడిమి గొట్టంలోంచి పైకి పోతుంది. లోపల కదిలే భాగమే ఉండదు! అమెరికాలో 1885లోనే దీనికి పేటెంట్ ఇచ్చారు.

ఇంటి షెడ్డులో గరుకు రేణువులను గాలితో చిమ్మి తుప్పు వదిలించే బ్లాస్టింగ్ పెట్టెకూ ఇదే పద్ధతి. అయితే సైక్లోన్ ఒక్కటే చాలదు. ఊపిరితిత్తుల లోతుకు చేరే దుమ్ము సుమారు 4 మైక్రాన్ల లోపుది, అది చాలావరకు తప్పించుకుపోతుంది. కోదాడ దగ్గరి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల్లో మాదిరిగా వెనక బ్యాగ్ ఫిల్టర్ కూడా ఉండాలి. బ్లోయర్‌ను అన్నిటికన్నా చివర పెట్టాలి. అప్పుడే పెట్టెలో పీడనం తగ్గి, సందుల్లోంచి దుమ్ము బయటికి రాదు.

మూసీ ఇసుక అందుబాటులో ఉందని పెట్టెలో పోయకండి. అందులోని సిలికా తెచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. కాస్టింగుల బ్లాస్టింగ్‌లో ఇసుకను బ్రిటన్ 1949 నిబంధనలతోనే నిషేధించింది. దానికి బదులు గార్నెట్ వాడండి, మాస్కు మాత్రం మానకండి.