చేరదీసిన కుక్క

నిజామాబాదు జిల్లా మాక్లూర్ వంటి గ్రామాలలో కుక్కను కొని తెచ్చుకునేవారు అరుదు. కుక్కే వచ్చి చేరుతుంది. వానకు తడిసి అరుగు ప్రక్కన ముడుచుకున్న కూనను బడిపిల్లవాడొకడు చొక్కాలో దాచి ఇంటికి తెస్తాడు. తల్లి రెండు రోజులు కసురుతుంది. మూడవనాడు తానే పగిలిన చిప్పలో గంజి పోస్తుంది. పదేళ్ల తరువాత ఆ కుక్క చనిపోయి, దానిని పొలంగట్టున పూడ్చి వచ్చిననాడు ఆ ఇంట ఎవరికీ అన్నం సయించదు. పేరు ప్రతిష్ఠలున్న జాతి కాదు, వీధిలో పుట్టిన ప్రాణి. ఇంతటి అనుబంధం ఎక్కడినుండి వచ్చినది?

మొదట ఆ కూన బ్రతకడమే విశేషమని గ్రహించాలి. పశ్చిమ బెంగాలులో శాస్త్రజ్ఞులు 95 ఈతలకు చెందిన 364 వీధికుక్క పిల్లలను గమనించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడు నెలల వయసు వరకు మిగిలినవి నూటికి 19 మాత్రమే. అంటే అయిదింటిలో ఒక్కటి. మరణాలలో నూటికి 63 వంతులకు ఏదో ఒక విధంగా మనిషే కారణం. కాబట్టి చొక్కాలో దాచి తెచ్చిన ఆ పిల్లవాడు చేసినది చిన్న పని కాదు.

ఈ పరిశోధనలు చేసినవారు కోల్‌కతాలోని భారత విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకు చెందిన అనిందితా భద్ర, ఆమె శిష్యులు. 2017లో వారే మరొక ప్రశ్న వేసుకున్నారు: వీధికుక్క మనిషిని నమ్మేది తిండికా, ఆదరణకా? ముక్కు మొగం తెలియని మనుషులు కొన్ని కుక్కలకు తిండి పెట్టారు, కొన్నింటి తల నిమిరారు. ఒక్కసారి కలిసినప్పుడు తిండిదే పైచేయి. కాని మళ్లీ మళ్లీ కలిసేకొద్దీ నిమిరిన చేతిమీదనే నమ్మకం ఎక్కువగా పెరిగినది. వీధిలో రాళ్లదెబ్బలు తినే జంతువుకు అన్నం ఇంకొకచోట దొరకవచ్చు. కొట్టని చేయి దొరకడం కష్టం.

అలా నమ్మిన మనిషిని కుక్క ప్రధానంగా వాసనతో గుర్తుంచుకుంటుంది. మన ముక్కులో వాసనను పసిగట్టే కణాలు లక్షల్లో ఉంటే కుక్క ముక్కులో కోట్లలో ఉంటాయి. 2015లో అమెరికాలో గ్రెగరీ బెర్న్స్, ఆయన సహచరులు 12 కుక్కలను మత్తు ఇవ్వకుండానే అయస్కాంత యంత్రంలో కదలకుండా పడుకోబెట్టి, అయిదు రకాల వాసనలు చూపించారు: తనది, తెలిసిన కుక్కది, తెలియని కుక్కది, తెలియని మనిషిది, ఇంటి మనిషిది. మెదడులో మేలును ఎదురుచూసే భాగం అన్నింటికంటె ఎక్కువగా చలించినది ఇంటి మనిషి వాసనకు. ఆ మనిషి అప్పుడు ఆ గదిలో లేడు.

ఈ జ్ఞాపకం ఎంతకాలం నిలుస్తుంది? చార్లెస్ డార్విన్ తన కుక్కనే పరీక్షించాడు. పరాయివారిని దగ్గరకు రానివ్వని మొండి కుక్క అది. అయిదేళ్ల రెండు రోజుల ఎడబాటు తరువాత ఆయన తిరిగి వచ్చి, అది ఉండే కొట్టం దగ్గర నిలబడి పూర్వంలాగా పిలిచాడు. కుక్క సంతోషంతో గంతులు వేయలేదు. అరగంట క్రితమే విడిపోయినట్లు లేచి ఆయన వెంట షికారుకు నడిచినది. 1871లో వెలువడిన తన గ్రంథంలో డార్విన్ దీనిని వ్రాశాడు. గంతులు వేయకపోవడమే ఇందులో ఎక్కువ నమ్మదగిన సంగతి.

అయితే చేరదీసిన కూన వెంట ఒక ప్రమాదం కూడా ఇంటికి రావచ్చు. అది రేబిస్ వ్యాధి. ముద్దుచేసే కూన గీరుకున్న చేతిని నాకినా చాలు, చొంగలోని వైరస్ లోపలికి పోగలదు. అది నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రాకుతుంది. సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు పడుతుంది. లక్షణాలు కనిపించిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యం. అంతవరకు మాత్రం వ్యవధి మనదే.

పసుపు పండే ఈ జిల్లాలో కరిచినచోట పసుపు అద్దడం ఎవరికైనా తోచే పని. కొన్ని చోట్ల కారం కూడా పెడతారు. ఇవి వైరస్‌ను చంపవు, గాయాన్ని మండిస్తాయి, విలువైన సమయాన్ని తినేస్తాయి. చేయవలసినది సబ్బుతో, ధారగా పడే నీటిక్రింద పదిహేను నిమిషాలు కడగడం. ఈ వైరస్ పైపొర క్రొవ్వుతో కూడినది. సబ్బు దానిని విచ్ఛిన్నం చేస్తుంది. నూనె గిన్నెను సబ్బు శుభ్రం చేసే తీరే ఇక్కడ కూడ పనిచేస్తుందని తరగతిలో చెప్పవచ్చు. ఆపైన ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టి, వైద్యుడు చెప్పిన తేదీలన్నీ పాటించాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోకే ఇచ్చే మరొక మందు కూడ అవసరం. కుక్కకు మూడు నెలల వయసులో టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువులకు మళ్లీ వేయిస్తే ఈ భయం చాలవరకు తీరిపోతుంది.

టీకాలు పడిన కుక్క ఇంటి మనిషిలాగా ముసలిదై పోతుంది. అది పడుకున్న గోనెపట్టాను ఎవరూ వెంటనే పారవేయరు, గడపప్రక్కనే ఉంటుంది. పిల్లవాడు దానిని ముక్కు దగ్గర పెట్టుకుంటే కొన్నాళ్లకు దుమ్మువాసన తప్ప మరేమీ తెలియదు. దారిన పోయే మరో కుక్క మాత్రం ఆగి, తోక కదల్చకుండా, ఆ గోనెను చాలసేపు వాసన చూసి పోతుంది.