మీకు తెలుసా? కిడ్నీలో రాయి సున్నపురాయి కాదు

పల్నాటిలో ఎవరికైనా కిడ్నీలో రాళ్లని తేలితే ముందు నింద పడేది బోరు నీళ్ల మీదే. పిడుగురాళ్ల చుట్టూ సున్నం బట్టీలు, అటు మాచర్ల దాకా సున్నపురాయి నేల, అనుమానం సహజమే. కానీ సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. కిడ్నీలో కట్టే రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. ఈ ఆక్సలేట్ కొంత మన కాలేయంలోనే తయారవుతుంది, కొంత పాలకూర, తోటకూర, చుక్కకూర, వేరుశనగల నుంచి వస్తుంది.

కంద తింటే గొంతు దురద పెట్టడం వెనకా ఇదే ఉంది. దుంప కణాల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. సరిగ్గా ఉడక్కపోతే నాలుకకు గుచ్చుకుంటాయి. మనవాళ్లు కందలో చింతపండు పులుసు పోసేది రుచికొక్కదానికే కాదు.

అసలు తమాషా ఏమిటంటే, రాళ్లున్నాయనగానే చాలామంది పాలు, పెరుగు మానేస్తారు. ఇది తిరగబడే వైద్యం. అన్నంతోపాటు తిన్న కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని, ఒంటికి పట్టనీయకుండా మలంతో బయటికి పంపుతుంది. 1993లో 45 వేల మందికి పైగా అమెరికన్ మగవాళ్ల మీద వెలువడిన అధ్యయనంలో, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారికే రాళ్ల బెడద తక్కువగా కనిపించింది. మాత్రలుగా మింగే కాల్షియం సంగతి వేరు, అది డాక్టరును అడగాల్సిందే.

పాలకూరను ఉడికించి నీళ్లు వార్చేస్తే ఆక్సలేట్ చాలావరకు తగ్గుతుంది. ఇక ఏప్రిల్ ఎండలో మిర్చి కల్లంలో చెమటోడ్చి, నీళ్లు చాలక మూత్రం చిక్కబడితే, ఆకుకూర ముట్టనివాళ్లకూ రాయి కట్టొచ్చు.