కట్టబొమ్మన చిత్రమునందు కంబళత్తారి ఇల్లు

కోవిల్పట్టి, విరుదునగరముల చుట్టునున్న నల్లరేగడి సీమలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు పెక్కు కలవు. వారిలో రాజకంబళత్తు నాయకులొకరు. పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన వీరి కులమువాడే. కోవిల్పట్టికి దక్షిణముననున్న కయత్తారులో 1799 అక్టోబరున ఆంగ్లేయులాయనను ఉరితీసిరి.

1959లో బి. ఆర్. పంతులుగారు దర్శకత్వము వహించిన 'వీరపాండియ కట్టబొమ్మన్' చిత్రము ఈ చరిత్రను ఇంటింటికి చేర్చెను. శివాజీ గణేశన్ నాయకుడు. నాయకుని భార్య జక్కమ్మాళ్ పాత్రను మన యెస్. వరలక్ష్మి ధరించెను. 1960లో కైరో నగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున శివాజీ ఉత్తమ నటుడుగా నెన్నికయ్యెను.

చిత్రమునకు ప్రాణము జాక్సన్ దొరతోడి సంవాదము. పన్నడుగు దొరను నాయకుడు రెండు విధముల నిలదీయును: పొలములో మాతో కష్టపడితివా? మాకు చుట్టమవా? భూమిపై హక్కు శ్రమవలన గాని బంధుత్వమువలన గాని రావలెనను పల్లెకుటుంబపు న్యాయమిది. శక్తి కృష్ణస్వామి రచించిన యీ మాటలను తమిళనాట పిల్లలు సైతము కంఠస్థము చేసిరి. కంబళత్తారి పిల్లలును చేసిరి, తమిళముననే. ఆ యిండ్లలో చుట్టములను పిలుచుట మాత్రము మామ, బావ అని తెలుగుననే.

ఇచట నొక లోటు చెప్పక తప్పదు. తెరపై నాయకుడు పలికినది గంభీరమైన తమిళము; ఆయన ఇంటి తెలుగు వినబడదు. తమిళ చిత్రమునకది సహజమే. తెలుగు అనువాదమున నైనను పేరు 'కట్టబ్రహ్మన' అయ్యెను. బొమ్మ శబ్దము బ్రహ్మకు తద్భవమే గావున వ్యాకరణము తప్పలేదు. కాని 'గెట్టిబొమ్ము' అని వంశీయులు చెప్పుకొను తెలుగు పేరు మరుగుపడెను.

చిత్రము చెప్పని కుటుంబాచారములు కొన్ని కలవు. వీరి వివాహములకు కానుగ ఆకులతో పందిళ్లు వేయుట, కంబళి పరచుట 1909 నాటి థర్‌స్టన్ గ్రంథమున నమోదైనవి. కులదేవత జక్కమ్మ. దేవరాట్టమున పాట లేదు. ఉరుమి మ్రోతకు చేతిరుమాళ్లు విసరుచు పురుషులు వరుసగా నాడుదురు. పాట లేనందున నాట్యము భాషతో పనిలేక నిలిచెను. స్త్రీల పెండ్లిపాటలకు మాత్రము తెలుగే ఆధారము. ఇంట తెలుగు పలికి బడిలో తమిళము వ్రాయు పిల్లలకు ఆ పాటలు వ్రాసికొనుటకు లిపి రాదు.

కయత్తారులో స్థలము కొని కట్టబొమ్మనకు విగ్రహము నిలిపినవాడు శివాజీ గణేశనే.