కొలెస్ట్రాల్ కాగితంలో చూడవలసిన అంకెలు



మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. అందుకే ఇంటికి ఏ కాగితం వచ్చినా మా చేతికే ఇస్తారు. పోయినేడు విడవలూరులో రొయ్యల గుంటల మీద పనిచేసే మా నాన్న రక్తపరీక్ష కాగితం తెచ్చి, "చదువుకున్నోడివి గదబ్బయా, ఏముందో చూడు" అన్నారు. మొత్తం కొలెస్ట్రాల్ 178 అని ఉంది. "200 లోపే ఉంది, భయం లేదు నాన్నా" అని చెప్పేశాము. కింది వరుసలు చూడలేదు. అదే మేము చేసిన పొరపాటు.

కొలెస్ట్రాల్ విషం కాదు. కణాల పొరలకు, కొన్ని హార్మోన్లకు అది అవసరం. ఎక్కువ భాగాన్ని మన శరీరమే తయారు చేస్తుంది. నూనె నీళ్లలో కలవనట్లే అది రక్తంలో కలవదు కాబట్టి ప్రోటీన్ల మూటల్లో ప్రయాణిస్తుంది. కాగితంలోని వరుసలు ఆ మూటల లెక్కలే.

ఎల్.డి.ఎల్.: ఇది ఎక్కువైతే పంటకాలువలో పూడికలాగా రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. 100 లోపు మంచిది, 160 దాటితే ఎక్కువ. షుగరు, గుండెజబ్బు ఉన్నవారికి డాక్టర్లు ఇంకా తక్కువ ఉండాలంటారు.

హెచ్.డి.ఎల్.: మిగులు కొలెస్ట్రాల్‌ను తిరిగి కాలేయానికి చేరుస్తుంది. మగవారికి 40, ఆడవారికి 50 కంటే తగ్గకూడదు.

ట్రైగ్లిజరైడ్లు: రక్తంలోని కొవ్వు. 150 లోపు ఉండాలి. అన్నం, తీపి, సారాయి ఎక్కువైతే ఇవి పెరుగుతాయి.

నాన్నకు హెచ్.డి.ఎల్. 31, ట్రైగ్లిజరైడ్లు 235. చిన్న తీసివేత చేయండి: 178లో 31 పోతే 147. ఈ మిగిలినదే నాళాలకు చేటు చేసే భాగం. 130 లోపు ఉండాలి. మంచిది తగ్గిపోవడం వల్లనే మొత్తం తక్కువగా కనిపించింది! కాగితం చూసిన డాక్టరుగారు వెంటనే షుగరు పరీక్ష రాశారు. షుగరు ఉందని తేలింది. 178 దగ్గరే ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో!

"బక్కపలచని కష్టజీవులం, మనకు గుండెజబ్బు ఏమిటి?" అనుకోవద్దు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలను పరిశీలిస్తే, దాదాపు మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే.

కాగితం ఒక్కటే తీర్పు కాదు. వయసు, బి.పి., షుగరు, బీడీ, చుట్ట అన్నీ కలిపి డాక్టరు నిర్ణయిస్తారు. స్టాటిన్ మాత్ర ఇస్తే, అంకె బాగుందని మానేయకూడదు. అంకె బాగున్నది ఆ మాత్ర వల్లనే. "కొలెస్ట్రాల్ లేదు" అని నూనె ప్యాకెట్‌పై రాస్తే మోసపోవద్దు. ఏ మొక్క నూనెలోనూ అది ఉండదు. చూడవలసింది సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో అది ఎక్కువ. చేపల పులుసు మానక్కరలేదు, వేపుళ్లు తగ్గిస్తే చాలు.

అంకెలు బాగున్నా సరే, ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమచేయి లాగితే గ్యాసని సోడా తాగి కూర్చోనివ్వకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మిత్రులారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు గూట్లో మడిచి పెట్టిన కాగితాన్ని బయటికి తీయండి. చివరి వరుస దాకా చదివి, అమ్మానాన్నలను వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్లండి. వారి కష్టంతో వచ్చిన చదువు ముందుగా వారికే ఉపయోగపడాలి.