నల్లాకు వచ్చిన తెలివి

గడియారం అన్న మాటలో ఒక నీళ్ళ కుండ దాగి వున్నదంటే పాఠకులు నన్ను అనుమానంగా చూస్తారేమో! తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడికి ఇటువంటి పిచ్చి వుండనే వుంటుంది. ఘటం అంటే కుండ, ఘటిక అంటే చిన్న కుండ. అదే నోళ్ళలో నలిగి నలిగి మనకు గడియ అయింది. అడుగున సన్నని బెజ్జం వున్న రాగి గిన్నెను నీళ్ళమీద వదిలేవారు. అది నిండి మునిగేసరికి ఒక గడియ, అనగా మన లెక్కలో 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. కాలాన్ని కొలవడానికి నీళ్ళు కావలసి వచ్చిన రోజులవి.

కొందరు అదే గిన్నెతో నీళ్ళనే కొలిచారు. ఇరాన్ దేశంలో భూమి అడుగునుంచి తవ్వి తెచ్చిన కాలువల నీటిని రైతులు గిన్నె ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టి పంచుకొనేవారు. లెక్క చూసే పెద్దమనిషి ఆ గిన్నె పక్కనే కూర్చునేవాడు. మన తెలంగాణ చెరువుల కింద ఆ పెద్దరికం నీరటిది. తూము ఎప్పుడు తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి అన్నది అతని చేతిలో వుండేది. అయితే నీరటి గిన్నెనూ చూసేవాడు కాడు, గడియారాన్నీ చూసేవాడు కాడు. మడిని చూసేవాడు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈమధ్య మా ఇంట నీరటి ఉద్యోగంనుంచి ఒక యంత్రాన్ని తీసివేసి, మరొక యంత్రాన్ని నియమించుకొన్నాము.

మాది జమ్మికుంట. పత్తి మార్కెట్టు పేరు చెబితే చాలామందికి తెలుస్తుంది. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్ళే రైలు ఎక్కినవాళ్ళకు స్టేషను కూడా గుర్తుండవచ్చు. ఒకే ప్రహరీలో రెండిళ్ళు - ఒకటి మా అన్నది, ఒకటి నాది. మధ్య నాన్న వేయించిపోయిన బోరు. ఇళ్ళు పంచుకోవడం తేలిక, బోరును ఎట్లా పంచుకోవడం? గంటలు పంచుకొన్నాము. తెల్లవారుఝామున 5 గంటలనుంచి ముప్పావుగంట మా పెరటికి, 6 గంటలనుంచి అన్నావాళ్ళ ట్యాంకుకు. ఏప్రిల్ నెల వచ్చిందంటే ఈ బోరు గంటన్నర పోసి తరువాత గాలి కక్కుతుంది. కనుక ఎవరి వంతు వారికి అమృతమే.

మా పెరట్లో తుంపర్లు చిమ్మే గొట్టాలు అమర్చి, వాటికి ఒక టైమరు పెట్టించాము. చాలా ఇళ్ళలో వుండేదే. గుండ్రని బిళ్ళ; చుట్టూ 96 చిన్న పళ్ళు; ఒక్కొక్క పన్ను పావుగంటకు లెక్క. నీళ్ళు కావలసిన వేళకు ఆ పళ్ళు నొక్కితే, బిళ్ళ తిరుగుతూ అక్కడికి వచ్చినప్పుడు మోటారూ, నీటి వాల్వూ తెరుచుకొంటాయి. లోపల చిన్న మోటారు బిళ్ళను తిప్పుతూ వుంటుంది. చూడ ముచ్చటైన సాధనం. చిక్కల్లా ఒక్కటే: కరెంటు పోతే దాని కాలమూ ఆగిపోతుంది. బ్యాటరీ ఆదరవు వున్నవి కొన్ని వున్నాయి కాని, మాది ఆ రకం కాదు. ఒక రాత్రి పది నిమిషాలు, మరొక మధ్యాహ్నం అరగంట, గాలివాన వచ్చిన రోజు ముప్పావుగంట. అవన్నీ కూడితే వారం తిరిగేసరికి దాని 5 గంటలు మన 6.25 అవుతుంది. అనగా అన్నావాళ్ళ ట్యాంకుకు నీళ్ళెక్కే వేళకు మా మల్లెమొక్కలు స్నానం మొదలుపెడతాయి!

మొదటిసారి నవ్వుకొన్నారు. రెండవసారి అన్న స్వయంగా వచ్చి బిళ్ళ సరిచేసి వెళ్ళాడు. మూడవసారి నిండు వేసవి, వాళ్ళింట చుట్టాలు. ట్యాంకు సగమైనా నిండలేదు. వదినె నాతో ఏమీ అనలేదు. మా అమ్మతో అన్నది: "చిన్నోని గడియారం మా నీళ్ళు గుంజుకపోతాంది అత్తమ్మా. జర చెప్పుండ్రి." ఆ తరువాత వారంరోజులు రెండిళ్ళ మధ్య కూర గిన్నెలు తిరగలేదు. ఇంటింటా జరిగే సంగతే. కాని ఒక బోరు, ఇద్దరు అన్నదమ్ములు అన్నచోట ఎన్ని కోర్టు కాగితాలు పుట్టాయో పల్లెటూళ్ళు ఎరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పైగా మనిషి నీళ్ళు మళ్ళించుకొంటే నిలవేసి అడగవచ్చు. బిళ్ళను ఎవరు అడుగుతారు?

ఇక్కడ ఒక్కమాట చెప్పుకోవాలి. ఈ కథ పెరట్లో చిన్నది కాని, పొలాల్లో చాలా పెద్దది. వ్యవసాయానికి కరెంటు కొన్ని గంటలే, అదీ పగలు కొంత, రాత్రి కొంత ఇచ్చిన రోజుల్లో రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని మోటారు దగ్గరకు పోవలసి వచ్చేది. పామును తొక్కినవాళ్ళున్నారు, తడి చేతులతో స్టార్టరు ముట్టి తిరిగిరానివాళ్ళున్నారు. ఆ బాధలోనుంచే ఆటో స్టార్టరు ఇంటింటికీ వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది, రైతు ఇంట్లో కళ్ళు మూసుకొని పడుకోవచ్చు. దానిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. అయితే దానికి కరెంటు వచ్చిందా లేదా అన్నది తప్ప మరొకటి తెలియదు. మడి నిండినా, వాన కురుస్తున్నా పోస్తూనే వుంటుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద వున్న మోటార్లన్నీ ఒక్కసారే లేవడంతో దానిమీద బరువు పడేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసివేయండి మహాప్రభో అని ప్రభుత్వమే రైతులను వేడుకోవలసి వచ్చింది. లేకపోతే రాత్రింబవళ్ళు మోటార్లు నడిచి భూమిలోని నీళ్ళు అడుగంటుతాయన్న భయం. పుణెలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు నానో గణేశ్ పేరుతో మరొక దారి చూపాడు: రైతు ఇంటినుంచి ఫోను చేసి పొలంలో కరెంటు వున్నదీ లేనిదీ తెలుసుకొని, మోటారును నడపవచ్చు, ఆపవచ్చు. నిర్ణయం తిరిగి మనిషి చేతికి వచ్చింది, నడక మాత్రం తప్పింది.

మా పెరటికి తెచ్చిన కొత్త సాధనం ఈ వంశంలోదే. స్మార్ట్ కంట్రోలర్ అంటున్నారు. ఇది వేళను ఇంటర్నెట్ నుంచి తెలుసుకొంటుంది. కరెంటు పోయి వచ్చినా, వైఫై అందగానే తన గడియారం తానే సరిచేసుకొంటుంది. మా తగవుకు అసలు మందు ఇదే. మిగిలిన హంగులన్నీ లాభమే అనుకోండి.

మార్చడం పెద్ద విద్య కాదు. తోటలోని వాల్వులకు వెళ్ళేది సాధారణంగా 24 వోల్టుల కరెంటు. అన్ని వాల్వులకూ ఉమ్మడిగా ఒక తీగ, ఒక్కొక్కదానికి విడిగా ఒక తీగ వుంటాయి. పాత పెట్టె విప్పకముందే మెయిను ఆపి, ఏ తీగ ఎక్కడ వున్నదో ఫొటో తీసుకొని, ప్రతి తీగకూ చీటీ కట్టాలి. మా ఎలక్ట్రీషియను కుర్రవాడు ఆ చీటీలమీద "మల్లె", "కూరగాయలు", "జామ" అని తెలుగులోనే రాశాడు. చూసి నాకు ముచ్చట వేసింది. బోరు మోటారును మాత్రం ఈ పెట్టె నేరుగా నడపలేదు. మధ్య తగిన రిలే, కాంటాక్టరు వుండాలి. నీళ్ళు లేనప్పుడు మోటారును ఆపే రక్షణ కూడా పెట్టించాలి. అది ఎలక్ట్రీషియను పని, మనం చెయ్యి పెట్టరాదు.

మేడమీది ట్యాంకునుంచి తుంపర్లు చిమ్మించాలనుకొనేవారికి ఒక లెక్క. నీటిమట్టం 10 మీటర్లు ఎత్తున వుంటే గాని ఒక బారు ఒత్తిడి రాదు. రెండంతస్తుల ఇంటిపై ట్యాంకుకు అంత ఎత్తు ఎక్కడిది? పెద్ద తుంపర గొట్టాలకు అది చాలదు. అటువంటివారు డ్రిప్పు వేసుకోవడమే మేలు.

ఇక ఎంత పొయ్యాలి? చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు నీళ్ళు అంటే సరిగ్గా ఒక లీటరు. 20 చదరపు మీటర్ల మడికి రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలంటే 100 లీటర్లు. నేలా ఆకులూ కలిసి రోజుకు ఎంత నీరు ఆవిరి చేస్తాయో ఎండ, గాలి, తేమలను బట్టి లెక్కకట్టే సూత్రాన్ని 1948లో ఇంగ్లండులో పెన్మన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఈ రకం పెట్టెల్లో చాలావాటి తెలివికి మూలం ఆ సూత్రమూ, దాని సంతానమూ. మాది నల్లరేగడి. నీళ్ళను మెల్లగా తాగుతుంది, ఆత్రంగా పోస్తే బయటికి తోసేస్తుంది. అందుకని ముప్పావుగంటను మూడు పావుగంటలుగా విడగొట్టి, నడుమ మడి మార్చి పొయ్యమని పెట్టెకు చెప్పాము.

వాన కబురు విషయంలో మాత్రం దీనిని పూర్తిగా నమ్మరాదు. దానికి తెలిసేది ఈ ప్రాంతమంతటికీ కలిపి చెప్పే సూచన. హుజూరాబాదు దారిలో కురిసి మా వీధి మొగాన ఆగిపోయే వాన సంగతి దానికేమి తెలుసు? మొన్న జూన్‌లో వాన వస్తుందని మూడు రోజులు నీళ్ళు ఆపింది, చినుకు రాలలేదు. అమ్మ పొద్దున్నే మల్లె మొదట్లో వేలు గుచ్చి చూసి, "మన్ను గట్టిగైంది బిడ్డా, దీనికి ఎవలన్న చెప్పుండ్రి" అన్నది. తరువాత మట్టిలో తేమ చూసే ముల్లు ఒకటి గుచ్చి పెట్టెకు కలిపించాను. అది అమ్మ వేలితో చాలావరకు ఏకీభవిస్తున్నది. అమ్మ మాత్రం గుచ్చడం మానలేదు.

పెట్టె తాళం, అనగా దాని ఫోను యాప్, నా ఫోనులోనే కాక వదినె ఫోనులో కూడా పెట్టించాను. మా నీళ్ళు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగినదీ ఆమెకు కనబడుతుంది. ఆపివేసే మీటా ఆమె చేతిలోనే వున్నది. చుట్టాలు వచ్చిన రోజున ఆమె మా వంతు ఆపి, తమ ట్యాంకు నింపుకొని, మళ్ళీ వదులుతుంది. అడగడం లేదు, చెప్పడమూ లేదు. అదే నాకు బాగున్నది. కూర గిన్నెలు తిరుగుతున్నాయి. నిన్న గోంగూర వచ్చింది. వచ్చే మే నెలలో వంతులు తారుమారు చేసుకొందామని అన్న అంటున్నాడు - మొదటి నీళ్ళు ట్యాంకుకు, మిగిలినవి మొక్కలకు. సరేనన్నాను. జామచెట్టు మాట అప్పుడు చూడాలి.

ఈ సాధనం పెట్టుకొనేవారికి ఒక చిన్న జాగ్రత్త చెప్పి ముగిస్తాను. పెట్టెకు అడుగున తీగలు దూరే బెజ్జం వుంటుంది. దానిని వదులుగా వదలకుండా గట్టిగా మూయించండి. లోపల వెచ్చగా వుంటుంది కనుక బల్లులూ చీమలూ అక్కడ కాపురం పెడతాయి.