పొగ, బొగ్గు, ఎండు తునకలు

వేసవిలో జనగామ జిల్లా తరిగొప్పుల వైపు పల్లెలలో మేకనో గొఱ్ఱెనో కోసిన మరునాడు, కొన్ని ఇండ్ల ముందర దండెముల మీద సన్నని మాంసపు పేలికలు వ్రేలాడుట కానవచ్చును. ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టిన ఈ ముక్కలనే తెలంగాణమున తునకలని అందురు. 40 డిగ్రీలు దాటిన మే నెల ఎండకు ఇవి రెండు మూడు దినములలో పుల్లలవలె గట్టిపడును. చింతచిగురుతో ఉడికించిన ఆ కూర రుచిని ఇక్కడ వర్ణింప పనిలేదు.

చిక్కు వానకాలముతో వచ్చును. గాలిలో తేమ నిండి యుండుటచే ముక్క ఆరదు. అప్పుడు దండెమును పొయ్యిపైకి మార్చుదురు. కట్టెల పొగకు ముక్క గోధుమవన్నెకు తిరిగి, పైన మెఱుగెక్కి, కమ్మని వాసన వేయును. చూచినవారు ఇక చెడదని నిశ్చింతగా ఉందురు. ఈ నిశ్చింతకు ఆధారమెంత? పొగ మాంసమును నిజముగా కాపాడునా?

పచ్చి మాంసములో నూటికి సుమారు 75 పాళ్ళు నీరే. సూక్ష్మజీవులు పెరుగుటకు ఆ నీరు కావలెను. కిలో మాంసమును ఎండించి 350 గ్రాములకు తెచ్చినచో 750 గ్రాముల నీటిలో 100 గ్రాములే మిగిలినవన్నమాట. ఆ కొద్ది నీటిని కూడ ఉప్పు పట్టి యుంచును గనుక అది సూక్ష్మజీవులకు అందదు. కావున మాంసమును ముఖ్యముగా కాపాడునవి ఎండుట, ఉప్పు. పొగ వాటికి తోడు మాత్రమే. దానిలోని పదార్థములు పైపొరను దాటి లోనికి అంతగా పోలేవు. పైన రంగు తేలి లోపల తడి మిగిలిన ముక్కను నమ్మరాదు.

ఎట్లును ఉడికించియే తిందుము గదా అని విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. స్టెఫిలోకాకస్ ఆరియస్ అను బాక్టీరియా అనేకమంది ముక్కులలోను, చేతి పుండ్లలోను ఉండును. ఇతర బాక్టీరియాలు ఓర్వలేని ఉప్పును అది ఓర్చుకొనును. నులివెచ్చని తడి మాంసములో పెరిగి ఒక విషమును విడుచును. కూర ఉడికినప్పుడు బాక్టీరియా చచ్చును గాని ఆ విషము చెడదు. తిన్న కొన్ని గంటలలోనే వాంతులు పట్టుకొనును. పొయ్యిపైన వానకాలపు దండెము సరిగా ఇట్టి నులివెచ్చని చోటే! అందుచేత ముక్కలను అర సెంటీమీటరు మందమున కోసి, నడిమి భాగము 71 డిగ్రీలకు చేరువరకు ముందు ఆవిరిపై ఉడికించి, ఆ తరువాతనే 55–60 డిగ్రీల వేడిలో ఆరబెట్టుట క్షేమము. ఇంట ఎండుమాంసము చేసికొనువారికి అమెరికా వ్యవసాయశాఖ చెప్పు నియమము కూడ ఇదే.

ఇక పొగ సంగతి. దీనికి పాఠశాల ప్రయోగశాల చాలును. గట్టి గాజు పరీక్షనాళికలో ఎండిన తుమ్మచెక్క తురుమును వేసి, బిరడా పెట్టి, వంపు గొట్టము ద్వారా చల్లని నీటిలో నిలిపిన రెండవ నాళికకు కలుపవలెను. రెండవ నాళిక బిరడాకు సన్నని కొనగల మరియొక గొట్టము ఉండవలెను. కిటికీలు తెరచి ఉపాధ్యాయుడే ఈ ప్రయోగము చేయుట మంచిది. మొదటి నాళికను వేడిచేయగా తెల్లని పొగ బయలుదేరి, రెండవ దానిలో గోధుమరంగు ద్రవముగా దిగును. ఆ ద్రవములో నీలి లిట్మసు ఎఱ్ఱనగును. అందున్నది ముఖ్యముగా వినిగరులోని ఎసిటిక్ ఆమ్లమే. దానితోపాటు నల్లని తారు చేరును. సన్నని కొన నుండి వచ్చు వాయువు, లోపలి గాలి అంతయు వెడలిన పిదప అంటించినచో, మండును. మొదటి నాళికలో మిగిలినది బొగ్గు. కట్టెను విడిచిపోయిన భాగము పొగ, మిగిలిన భాగము బొగ్గు. పొగ అంతయు పోయినది గనుకనే మంచి బొగ్గు పొగలేక మండును.

కట్టెలోని హెమిసెల్యులోజు 200 డిగ్రీల పైనను, సెల్యులోజు 300 డిగ్రీలకు అటునిటుగాను విచ్ఛిన్నమై ఆమ్లములను, రంగునిచ్చు పదార్థములను ఇచ్చును. ఇంచుమించు 300 నుండి 500 డిగ్రీల వరకు లిగ్నిన్ విడిపోయి ఫినాల్‌లను ఇచ్చును. పొగబెట్టిన మాంసపు వాసన, సూక్ష్మజీవులను కొంత అణచు గుణము ఎక్కువగా వీనివే. అయితే 400 డిగ్రీలు దాటి వేడి పెరిగిన కొలది బెంజోపైరీను వంటి కాన్సరు కారకములు పొగలో హెచ్చును. కొవ్వు కరగి నిప్పులపై పడినను అంతే. ఐరోపా సమాఖ్య 2014 నుండి పొగబెట్టిన మాంసము కిలోకు బెంజోపైరీను 2 మైక్రోగ్రాములు మించరాదని కట్టడి చేసినది. ఉప్పుతోను, పొగతోను నిలువచేసిన మాంసములు కాన్సరు కలిగించునవని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2015లో నిర్ణయించినది. తునకలు అప్పుడప్పుడు తినదగినవే గాని నిత్యభోజనము కావు.

కట్టె ఎక్కడిది? చెరువు శిఖములలోను, బాటల ప్రక్కన ఎవరును నాటకయే పెరుగు సర్కారు తుమ్మ ఉండనే యున్నది. అమెరికా ఖండపు ఈ చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి; నేడు దానిని వదలించుకొనుటయే కష్టము. టెక్సాసులో మాంసము కాల్చుటకు ఏరికోరి వాడు మెస్కీటు కట్టె దీనికి దగ్గరి చుట్టము. మామిడి, జామ తోటలలో కత్తిరించిన కొమ్మలును పనికివచ్చును. పచ్చికట్టె బరువులో సగము వరకు నీరే గనుక ఆరు నెలలైన ఆరనీయవలెను. రెండు కట్టెలను తాటించినప్పుడు ఖంగున మ్రోగినచో ఆరినట్లు. గన్నేరు, జెముడు విషము గలవి. వాని జోలికి పోరాదు. రంగు పూసిన తలుపుచెక్కలు, ప్లైవుడ్డు, జిగురు గల పైను పెట్టెచెక్కలు కూడ తగవు. నిలిచియున్న చెట్టును కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి అవసరము.

బొగ్గును కమ్మరి కొలిమి వద్దనో, ఇస్త్రీ బండివారికి అమ్ము దుకాణమునందో కొనవచ్చును. బట్టీలో కట్టెలు పేర్చి, ఆకులు, మన్ను కప్పి, కొద్ది గాలితో కాల్చుదురు. మొదట దట్టమైన తెల్లని పొగ వచ్చును. అది నీటి ఆవిరి. పొగ పలుచనై నీలిరంగుకు తిరిగినప్పుడు రంధ్రములు మూయుదురు. ఐదు కిలోల ఎండుకట్టెకు ఒక కిలో బొగ్గు వచ్చుట సామాన్యము. కట్టెలోని శక్తిలో సగమైనను బొగ్గునకు దక్కదు. పొగలేని నిప్పునకు మనమిచ్చు వెల అది. మంచి బొగ్గు విరిచినచోట నల్లగా మెఱయును. గోధుమరంగున్నచో సగమే కాలినది, కళ్ళు మండించును.

ఇంటి వెనుక ఆరుబయట ఇటుకలతో మూడడుగుల గూడు కట్టి, ఒక మూల రగిలిన బొగ్గులుంచి, వానిపై కొద్దికొద్దిగా చెక్కముక్కలు వేయుచుండవలెను. మంట లేవరాదు. ముక్కలను నిప్పునకు నేరుగా పైన గాక ప్రక్కకు కట్టవలెను. కొవ్వు నిప్పులపై పడదు. పైన గాలి పోవుటకు దారి విడువవలెను.

వాన పడుచున్నదని ఆ బొగ్గులను కుంపటిలోనికెత్తి గదిలోనికి తెచ్చుట ప్రాణాంతకము. పొగ కనబడదు గనుకనే బొగ్గు మోసము చేయును. దాని నుండి వచ్చు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకన్న 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. మొదట తలనొప్పి, పిదప తల తిరుగుట, వికారము; నిద్రలోనున్నవారికి ఆ సూచనలు కూడ తెలియవు. ఎవరైన అట్లు పడిపోయినచో ముందు తలుపులు తెరచి, ఆరుబయటికి చేర్చి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఎండిన తునకలను మొదట ఒక గాజు సీసాలో వేసి మూతబెట్టి ఒక రాత్రి ఉంచవలెను. తెల్లవారి సీసా లోపలి గోడపై చెమ్మ కనబడినచో లోపల ఇంకను నీరున్నట్లే. ఆ ముక్కలను అప్పుడే తీసి మరల వేడిలో ఆరబెట్టవలెను.